పలక మీద రెండు భాషలు: మారతహళ్ళి బడులలో తెలుగు చిన్నారులకు అక్కరకు వచ్చే బోధన పద్ధతులు

బెంగళూరు నగరానికి తూర్పు దిక్కున, పాత విమానాశ్రయ రహదారిని వెలుపలి వలయ రహదారి దాటే కూడలి వద్ద మారతహళ్ళి ఉంది. కొన్ని దశాబ్దాల కిందట పొలాలు, చెరువుల నడుమ ఉండిన ఈ పల్లె, కంప్యూటరు సంస్థల రాకతో మేడల పేటగా మారింది. ఆ మేడలు కట్టే వారిలో, వాటిని ఊడ్చి తుడిచే వారిలో, వాటికి కాపలా కాసే వారిలో మన సరిహద్దు పల్లెల వారు కూడా ఉన్నారు. హిందూపురం, మడకశిర, కదిరి, పుంగనూరు, పలమనేరు, కుప్పం ప్రాంతాల నుండి, వేరుశనగ చేతికి రాని యేడు మూట సర్దుకొని బయలుదేరే కుటుంబాల వెంట మూడేళ్ళ బిడ్డలు, ఆరేళ్ళ బిడ్డలు కూడా వెళుతుంటారు. ఆ బిడ్డలకు అంగన్‌వాడిలోను, ఒకటి రెండు తరగతులలోను చదువు ఎలా చెప్పవచ్చునో, ఇంటివారు దానికి ఎలా తోడ్పడవచ్చునో తెలియజేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయం చిన్నది కాదు. ఊరిలో తెలుగు అక్షరాలు సగం నేర్చిన పిల్లవాడు నగరంలో కన్నడ బడిలో కూర్చుంటాడు. అక్కడి మాట అర్థమయ్యే వేళకు సంక్రాంతికో, విత్తనాల కాలానికో కుటుంబం మళ్ళీ ఊరు చేరుతుంది. ఈలోగా ఊరి బడిలో పాఠం ముందుకు సాగిపోయి ఉంటుంది. ఇలా రెండు మూడు పర్యాయాలు జరిగితే, ఎనిమిదేళ్ళు నిండే నాటికి ఆ బిడ్డకు తెలుగూ చదవడం రాదు, కన్నడమూ చదవడం రాదు. మూడో తరగతి ముగిసే లోపు చదవడం రాని పిల్లవానికి ఆపై తరగతులలోని పరిసరాల పాఠం, లెక్కల పాఠం కూడా అందవు. అందువలననే 2020 నాటి జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వయస్సును పునాది దశగా పేర్కొన్నది. 2021 జూలై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్ కార్యక్రమం కూడా మూడో తరగతి ముగిసే నాటికి ప్రతి బిడ్డకు చదవడం, రాయడం, లెక్క రావాలని నిర్దేశించింది.

మౌనం మందబుద్ధి కాదు

కొత్త భాష వినిపించే గదిలో అడుగుపెట్టిన చిన్నబిడ్డ కొన్ని వారాలు నోరు విప్పకపోవడం సహజం. ఆ కాలంలో బిడ్డ వింటూ ఉంటాడు. ఏ మాటకు తోటివారు లేస్తున్నారో, ఏ మాటకు కూర్చుంటున్నారో గమనిస్తూ ఉంటాడు. ఈ మౌనాన్ని చూసి బిడ్డకు ఏమీ రాదని తీర్మానించడం పెద్ద పొరపాటు. ఈ దశలో నోటితో జవాబు అడగక, చేతితో చేసి చూపించే పనులు ఇవ్వాలి. ‘బా’ అంటే రావడం, ‘కూత్కో’ అంటే కూర్చోవడం, ‘తోరిసు’ అంటే చూపించడం, ‘కొడు’ అంటే ఇవ్వడం - ఇటువంటి ఆజ్ఞల ఆట రోజుకు పది నిమిషాలు ఆడిస్తే, నెల తిరిగేలోగా బిడ్డకు తరగతి భాష పట్టుబడుతుంది.

కన్నడ ఉపాధ్యాయిని కూడా కొన్ని తెలుగు మాటలు నేర్చుకోవడం మంచిది. దాహం, ఆకలి, కడుపునొప్పి, భయం, ఇల్లు, అమ్మ వంటి ఇరవై మాటలు తెలిస్తే చాలు. తల్లి చేరిక నాడే ఈ మాటలను చెప్పి, వాటి అర్థాలను కన్నడంలో రాయించి ఇవ్వవచ్చు. బిడ్డ తన భాషలో చెప్పిన మాటను ఉపాధ్యాయిని కోపగించుకోక, అదే మాటను కన్నడంలో మళ్ళీ పలికితే, మాట దొరికిందన్న ధైర్యం బిడ్డకు కలుగుతుంది.

పకారం హకారమయ్యే ఆట

తెలుగు, కన్నడం రెండూ ద్రావిడ కుటుంబానికి చెందినవి. ఈ చుట్టరికాన్ని బోధనకు వాడుకోవడం సులభం. ఉదాహరణ మారతహళ్ళి పేరులోనే ఉంది. మన ‘పల్లి’యే వారి ‘హళ్ళి’. పాత కన్నడంలో ఈ మాటకు పకారమే ఉండేది. కాలక్రమంలో మాట మొదటి పకారం హకారంగా మారింది. కనుక మాట మొదట ‘ప’ ఉన్న తెలుగు మాటలు ఎన్నో కన్నడంలో ‘హ’తో వినిపిస్తాయి.

పాలు - హాలు
పులి - హులి
పాము - హావు
పండు - హణ్ణు
పంది - హంది
పువ్వు - హూవు
పుట్ట - హుత్త
పొగ - హొగె
పొలం - హొల
పొట్ట - హొట్టె

ఇటువంటిదే మరొక మార్పు. తెలుగులో ‘వ’ ఉన్న చోట కన్నడంలో ‘బ’ వస్తుంది: వేప - బేవు, వెన్న - బెణ్ణె, వేరు - బేరు, వెన్ను - బెన్ను, వెండి - బెళ్ళి, విత్తు - బిత్తు. మూడవది, తెలుగు ‘చ’కారానికి కన్నడంలో ‘క’కారం: చెవి - కివి, చెయ్యి - కై, చెరువు - కెరె.

దీనిని ఆటగా మార్చే విధం ఇది. అట్టముక్కల మీద పది బొమ్మలు వేసి నేల మీద పరచాలి. తెలుగు పిల్లలు ఒక వరుసలో, కన్నడ పిల్లలు మరొక వరుసలో నిలబడాలి. ఒకరు ‘పులి’ అంటే ఎదుటివారు ‘హులి’ అని బొమ్మను పట్టుకోవాలి. తర్వాత వరుసలు మారాలి. ఈ ఆటలో తెలుగు బిడ్డ తనకు తెలిసిన దానితో గెలుస్తాడు. కన్నడ బిడ్డ కూడా ఒక పొరుగు భాషను నేర్చుకుంటాడు. అయితే ఈ సూత్రం అన్ని మాటలకూ వర్తించదు. పుస్తక, పాఠ, పాత్రె వంటి సంస్కృత మూలం గల మాటలు కన్నడంలోనూ పకారంతోనే ఉంటాయి.

ఒకేలా వినిపించి అర్థం మారే మాటలను ప్రత్యేకంగా చెప్పాలి. కన్నడంలో ‘ఊట’ అంటే భోజనం, ‘కల్లు’ అంటే రాయి, ‘బాయి’ అంటే నోరు, ‘మర’ అంటే చెట్టు, ‘హల్లు’ అంటే పన్ను. ఈ మాటల దగ్గర పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకున్న మాటను మరవరు.

అక్షరాల చుట్టరికం

తెలుగు లిపి, కన్నడ లిపి ఒకే పాత లిపి నుండి విడిపోయినవి. తలకట్టు తీరులో భేదం ఉన్నా పెక్కు అక్షరాల ఆకారం దాదాపు ఒకటే. కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల నలి-కలి పద్ధతిలో అక్షరాలను అ, ఆ అనే వరుసలో నేర్పరు. రాయడానికి సులువైనవి, కలిపితే మాటలు వచ్చేవి ముందుగా ఎంచుకుంటారు. అందులో మొదటి గుంపు ర, గ, స, ద, అ. రెండవ గుంపు జ, వ, మ, బ, న. ఈ పది అక్షరాలూ తెలుగు చదవడం వచ్చినవారు చూసిన వెంటనే గుర్తుపట్టగలిగినవే. మొదటి ఐదింటితోనే అరస, అంటే రాజు, రస, సర, దర వంటి మాటలు తయారవుతాయి.

దీనివలన ఇంటివారికి ఒక గొప్ప మేలు ఉంది. కన్నడం రాని తల్లి కూడా తెలుగు చదవగలిగితే బిడ్డ చేత ఈ అక్షరాలు దిద్దించగలదు. క, త వంటి కొన్ని అక్షరాలు మాత్రం రెండు లిపులలో బాగా వేరుగా ఉంటాయి. వాటిని పక్కపక్కన రాసి, భేదాన్ని బిడ్డ చేతనే చెప్పించాలి. పలకను నిలువుగా రెండు భాగాలు చేసి, ఎడమవైపు తెలుగు అక్షరం, కుడివైపు కన్నడ అక్షరం రాయిస్తే తారుమారు కావడం తగ్గుతుంది. ఒకే రోజు రెండు లిపులలోనూ కొత్త అక్షరాలు నేర్పడం తగదు. ఒక లిపిలో కుదిరిన అక్షరాన్నే రెండవ లిపిలో చూపాలి.

పెన్సిలు పట్టే ముందు వేలితో రాయించడం అవసరం. పళ్ళెంలో సన్నని ఇసుకగాని రాగిపిండిగాని పరచి రాయిస్తే వేళ్ళకు ఆకారం తెలుస్తుంది, తప్పు వస్తే చెరిపివేయడం తేలిక. ఇది మన వీధిబడుల పాత ఆచారమే. మద్రాసులో అనాథ బాలుర బడిని నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశస్థుడు, స్థానిక పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి తన బడిలో ప్రవేశపెట్టాడు. పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పే పద్ధతితో కలిపి దానిని వివరిస్తూ 1797లో పుస్తకం ప్రచురించాడు. ఆ పద్ధతి మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లండు బడులకు చేరింది.

లెక్కకు గింజలు, పుల్లలు

అంకెలు ఏ బడిలోనైనా 1, 2, 3గానే ఉంటాయి. మారేది పేరు మాత్రమే. ఒందు, ఎరడు, మూరు, నాల్కు, ఐదు, ఆరు, ఏళు, ఎంటు, ఒంబత్తు, హత్తు - ఇవి కన్నడ సంఖ్యలు. ఐదు, ఆరు రెండు భాషలలో ఒకటే. మూడు, నాలుగు, ఏడు చాలా దగ్గర. ఇక్కడ బిడ్డకు కష్టం లెక్కలో కాదు, పేరులో ఉందని ఉపాధ్యాయులు గుర్తించాలి. తెలుగులో ఇరవై దాకా తప్పు లేకుండా ఎంచగల బిడ్డను, కన్నడంలో ఐదు దగ్గర ఆగిపోయాడని లెక్క రానివానిగా జమకట్టరాదు. ముందు వానికి వచ్చిన భాషలో ఎంచనిచ్చి, తర్వాత అవే గింజలను కన్నడంలో ఎంచమనాలి.

చింతగింజలు, గులకరాళ్ళు, సీసా మూతలు చాలినన్ని దొరుకుతాయి. గుప్పెడు గింజలు తీసి ఎన్ని ఉన్నాయో ముందుగా ఊహించి చెప్పి, పిదప ఎంచి సరిచూసుకోవడం మంచి ఆట. పదుల స్థానం తెలియడానికి చీపురు పుల్లలను పదేసి చొప్పున దారంతో కట్టాలి. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు ఉంటే 23 అని బిడ్డ కంటితో చూస్తాడు. ఒక కట్ట విప్పితే పది విడి పుల్లలు అవుతాయన్నది తెలిస్తే, తర్వాత తీసివేతలో అప్పు తెచ్చుకునే లెక్క కష్టమనిపించదు.

వామనగుంటలు ఆట రెండు నేలలలోనూ ఉంది. కన్నడంలో దానిని అళిగుళి మనె అంటారు. రెండు వరుసలలో ఏడేసి గుంటలు, మొత్తం 14. గుంటకు నాలుగు గింజల చొప్పున పోస్తే 56 గింజలు. గింజలు ఒక్కొక్కటిగా పంచుతూ పోవడంలో ఎంచడం, కూడడం, ఏ గుంట దగ్గర ఆగుతుందో ముందుగా ఆలోచించడం అన్నీ వస్తాయి. తొక్కుడుబిళ్ళను అక్కడ కుంటె బిల్లె అంటారు. గళ్ళలో అంకెలకు బదులు అక్షరాలు రాస్తే అది చదువుల ఆట అవుతుంది.

ఒకే కథ, రెండు నోళ్ళు

పిల్లలకు కొత్త భాషను తెలిసిన కథతో నేర్పడం మేలైన మార్గం. కథ ముందే తెలిస్తే బిడ్డ మాటల మీద మనస్సు నిలుపగలడు. ఆవు, పులి కథ ఇందుకు తగినది. దూడకు పాలిచ్చి తిరిగి వస్తానని పులికి మాట ఇచ్చి, మాట నిలుపుకున్న ఆవు కథను కన్నడిగులు గోవిన హాడు అన్న పేరుతో పాడుకుంటారు. ఆ ఆవు పేరు పుణ్యకోటి. తెలుగులో అనంతామాత్యుని భోజరాజీయంలో ఇదే కథ గోవ్యాఘ్ర సంవాదంగా ఉంది. మన అవ్వలు నేటికీ చెప్పే కథ ఇది.

దీనిని మూడు రోజుల పాఠంగా చేయవచ్చు. మొదటి రాత్రి ఇంట్లో తల్లిగాని, ఊరిలోని అవ్వ ఫోనులోగాని తెలుగులో కథ చెప్పాలి. మరునాడు బడిలో బొమ్మలు చూపుతూ ఉపాధ్యాయిని కన్నడంలో చెప్పాలి. మూడవ రోజు పిల్లలే ఆవు, దూడ, పులి వేషాలు కట్టాలి. వేషంలో ఉన్న బిడ్డ సిగ్గుపడక మాట్లాడతాడు. తెలుగు బిడ్డ మధ్యలో తెలుగు మాట కలిపినా ఆపవలసిన పని లేదు.

మధ్యాహ్న భోజనం కూడా పాఠమే. ఉప్పు రెండు భాషలలో ఉప్పే. అన్నం అన్న, బెల్లం బెల్ల, మజ్జిగ మజ్జిగె, మన బేడలు వారి బేళె, మన సంగటి వారి ముద్దె. బియ్యాన్ని అక్కి అనీ, పెరుగును మొసరు అనీ, నూనెను ఎణ్ణె అనీ అంటారు. వడ్డించేటప్పుడు రోజుకు రెండు మాటలు పలికిస్తే అవి ఇట్టే నిలుస్తాయి.

రిషివ్యాలీ నుండి నలి-కలి దాకా

ఒకే గదిలో వేర్వేరు వయస్సులు, వేర్వేరు భాషలు, మధ్యలో వచ్చి చేరే పిల్లలు ఉన్నప్పుడు అందరికీ ఒకే పాఠం చెప్పడం సాగదు. ఈ సమస్యకు దారి చూపినది మన నేలయే కావడం గమనార్హం. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం, పరిసర పల్లెల చిన్న బడుల కోసం అట్టల మీద పాఠాలు, పాఠాలకు నిచ్చెన వంటి క్రమం సిద్ధం చేసింది. బిడ్డ తన మెట్టు మీద తాను నిలిచి, ఆ మెట్టు పూర్తయ్యాకనే పై మెట్టు ఎక్కుతాడు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె ఉపాధ్యాయులు రిషివ్యాలీకి వచ్చి ఈ పద్ధతిని చూసి, యూనిసెఫ్ తోడ్పాటుతో తమ బడులలో నాటుకున్నారు. అదే నలి-కలి, అంటే ఆనందంగా నేర్చుకో అని అర్థం. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ పాఠశాలల ప్రాథమిక తరగతులకు విస్తరించింది.

ఈ పద్ధతిలో కొందరు పిల్లలు ఉపాధ్యాయిని దగ్గర, కొందరు తోటిపిల్లల సాయంతో, కొందరు తమంత తాము పని చేస్తారు. గోడ కింది భాగంలో పిల్లల చేతికి అందే ఎత్తున నల్లబల్ల ఉంటుంది. వలస బిడ్డకు ఇందులో ఒక ముఖ్యమైన మేలు ఉంది. నెల రోజులు ఊరికి వెళ్ళి వచ్చినా, విడిచిన మెట్టు నుండే మళ్ళీ మొదలు పెట్టవచ్చు. కన్నడం కొంత వచ్చిన తెలుగు బిడ్డను కొత్తగా వచ్చిన తెలుగు బిడ్డ పక్కన కూర్చోబెడితే ఇద్దరికీ లాభమే.

ఇంటి వద్ద పావుగంట

తల్లిదండ్రులు పనినుండి అలసి వస్తారు. అయినా రోజుకు పావుగంట చాలును.

1. ఆ రోజు బడిలో విన్న ఒక కన్నడ మాటను బిడ్డ తల్లికి నేర్పాలి. తల్లి నేర్చుకుంటూంటే బిడ్డకు గర్వంగా ఉంటుంది.

2. వారానికి ఐదు తెలుగు అక్షరాలు దిద్దించాలి. తెలుగు మానేస్తే కన్నడం త్వరగా వస్తుందన్న భావన సరికాదు. ఇంటి భాషలో మాట, ఆలోచన గట్టిగా ఉన్న బిడ్డకే రెండవ భాష సులువు.

3. దుకాణాల పేర్ల పలకలు, బస్సుల మీది అక్షరాలు చదివించాలి. మారతహళ్ళి వీధులలో కన్నడ అక్షరాలకు కొదవ లేదు.

4. సరుకులు తెచ్చేటప్పుడు చిల్లర బిడ్డ చేత ఎంచించాలి.

5. ఒక నోటుపుస్తకాన్ని ప్రయాణ పుస్తకంగా ఉంచాలి. బిడ్డకు వచ్చిన అక్షరాలు, ఎంచగల సంఖ్య, చదవగల మాటలు, తెలిసిన కథలు తేదీతో సహా ఉపాధ్యాయిని చేత రాయించాలి. ఊరి బడికి చేరినప్పుడు అక్కడి ఉపాధ్యాయులకు ఇది చూపితే ఎక్కడ మొదలు పెట్టాలో తెలుస్తుంది.

ఊరు మారేటప్పుడు తెలియవలసినవి

ఎంత మంచి పద్ధతి అయినా బిడ్డ బడిలో ఉంటేనే ఫలిస్తుంది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుండి 14 ఏళ్ళ పిల్లలందరికీ ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. రాష్ట్రం మారినా ఈ హక్కు పోదు. బదిలీ పత్రం వెంటనే ఇవ్వవలసిన బాధ్యత ప్రధానోపాధ్యాయునిది. ఆ పత్రం ఆలస్యమైనదన్న కారణంతో కొత్త బడివారు చేర్చుకోకపోవడం గాని, జాప్యం చేయడం గాని చట్ట సమ్మతం కాదు. జనన ధ్రువపత్రం లేదని కూడా నిరాకరించరాదు. విద్యాసంవత్సరం మధ్యలో వచ్చిన బిడ్డనూ చేర్చుకోవాలి. బడి మానిన బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చి, వెనుకబడిన దానిని ప్రత్యేక శిక్షణతో పూరించాలని కూడా ఆ చట్టం చెబుతున్నది.

ఆరేళ్ళలోపు బిడ్డలకు అంగన్‌వాడి ఉంది. 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల కింద ఏర్పడిన ఈ కేంద్రాలలో పోషకాహారంతో పాటు ఆటపాటల చదువు ఉంటుంది. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్‌లో పేరు నమోదై ఉంటే, వలస వెళ్ళిన చోటికి ఆ నమోదును మార్చుకునే వీలుంది. బయలుదేరే ముందు ఊరి అంగన్‌వాడి కార్యకర్తకు ఒక మాట చెప్పి, బిడ్డ టీకాల కార్డును వెంట తీసుకువెళ్ళాలి.

భాష విషయంలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన సౌకర్యం కల్పించేందుకు రాష్ట్రాలు ప్రయత్నించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. ఇది 1956లో ఏడవ సవరణ ద్వారా చేరింది. మరోవైపు కర్ణాటకలోని పాఠశాలలలో కన్నడం నేర్పడాన్ని 2015 నాటి కన్నడ భాషాభ్యాస చట్టం తప్పనిసరి చేసింది. ఈ రెండింటికీ వైరం లేదు. ఇంటి భాషను ఆధారంగా చేసుకొని ఉన్న ఊరి భాషను నేర్పడమే పైన చెప్పిన అభ్యాసాల సారాంశం.

సరిహద్దు పల్లెలకు రెండు భాషలు కొత్త కాదు. మడకశిర, కుప్పం సంతలలో నేటికీ తెలుగు, కన్నడం కలిసి వినిపిస్తాయి. పెద్దలకు చెవితో వచ్చిన ఆ రెండు భాషలూ పిల్లలకు కంటితోనూ, చేతితోనూ వచ్చేటట్టు చేయడానికి ఇసుక పళ్ళెం, గుప్పెడు చింతగింజలు, పది బొమ్మ అట్టలు, రోజుకు పావుగంట కాలం సరిపోతాయి. ఈ వేసవిలో ఊరు మారే కుటుంబాలు బియ్యం మూటతో పాటు బదిలీ పత్రాన్ని, ప్రయాణ పుస్తకాన్ని కూడా సర్దుకొనడం మరువరాదు.